మా కోడలు కట్టిన కరెంటు లేని ఊరు

మా కోడలు గెలిచిన మొదటి గెలుపు ఏమిటంటే, ముగ్గురు మగవాళ్ళు తల పట్టుకుని వదిలేసిన పనిని మా వంటింటి బల్ల మీద, కూరగాయల బుట్ట పక్కన కూర్చుని పూర్తి చేయడం.

అప్పటికి ఆమె ఒక చిన్న కంపెనీలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. కరెంటు ఆఫీసుకు ఊరి ఫిర్యాదులు అందజేసే వెబ్ అప్లికేషన్‌ను చూసుకోవడం వాళ్ళ పని. దాన్ని మొదట రాసినవాళ్ళు ఎప్పుడో తలో దిక్కూ వెళ్ళిపోయారు. అది నడుస్తోంది గాని ఎలా నడుస్తోందో చెప్పగలిగిన వాళ్ళు లేరు. బాగుచేద్దామంటే భయం. నడుస్తున్నదాంట్లో వేలు పెడితే ఊరంతటి ఫిర్యాదులూ ఆగిపోవచ్చు. అందుకని ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళు దాని నకలు ఒకటి లేపుకోవాలి. మార్పులన్నీ ఆ నకలు మీద చేసి, పరీక్షించి, బాగుందనుకున్నాకే అసలుదాన్ని ముట్టుకోవాలి. ఆ నకలే ఎవరికీ లేవలేదు. ఒకటి పెడితే ఇంకొకటి లేదంటుంది. అది తెచ్చి పెడితే ఇది పాతబడింది, వేరేది తెమ్మంటుంది.

"అలిగిన పెళ్ళికొడుకులా ఉందే మీ యంత్రం!" అంది మా ఆవిడ, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

"అలిగినా నోరు విప్పి అడుగుతున్నాడు అత్తయ్యా, అదే నయం. ఈ ఎర్ర అక్షరాలు చూడగానే అందరికీ కంగారు. నాకూ కంగారే. కానీ చివరి వరస దాకా ఓపిగ్గా చదివితే ఏం కావాలో అందులోనే ఉంటుంది."

అలా చదువుతూ, అడిగింది పెడుతూ, పెట్టింది తీస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి అంతా చెరిపేసి మళ్ళీ మొదటికొచ్చింది. ఒకసారి ఏడ్చింది కూడా. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం అన్నాలవేళకు తెర మీద ఫిర్యాదుల పేజీ తెరుచుకుంది. అది అసలు ఊరిది కాదు, మా బల్ల మీది ఊరిది.

"అత్తయ్యా, మొదటి ఫిర్యాదు మీదే. చెప్పండి, రాస్తాను."

"మా ఇంట్లో ముసలాయన ఒకడు సరిగ్గా వెలగడం లేదని రాయి."

అలాగే రాసింది. ఒక్క క్షణంలో జవాబు వచ్చింది: మీ ఫిర్యాదు అందింది, లైన్‌మన్ బయలుదేరాడు. కింద లైన్‌మన్ పేరు చూస్తే మా అబ్బాయిది. వాడి ఉద్యోగపు నంబరుతో సహా ఉంది. మా అబ్బాయి నిజంగానే లైన్‌మన్. వాడు గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"నన్నెందుకు ఎక్కించావ్ అందులో?"

"పరీక్షకి ఎవడో ఒక మనిషి కావాలి కదా. ఉత్తుత్తి పేరు పెడితే ఉత్తుత్తిగానే పనిచేస్తుందేమోనని నా మొగుణ్ణే పెట్టాను. పిలిస్తే పలికేది నువ్వొక్కడివేగా."

"జీతం ఎవరిస్తారు?"

"అన్నం పెడతానులే, రా."

ఆ రోజు మేమందరం ఎంత నవ్వామో!

నేను చదివింది పల్లెటూరి బడి చదువే అయినా ఆమె చేసిన పని ఏమిటో నాకు బాగా అర్థమైంది. ఎందుకంటే నేనూ లైన్‌మన్‌గా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. కొత్తగా చేరినవాణ్ణి మేము నేరుగా వీధి స్తంభం ఎక్కనివ్వం. యార్డులో ఒక స్తంభం ఉంటుంది. దానికి తీగలుంటాయి, పింగాణీ గిన్నెలుంటాయి, ఫ్యూజు పెట్టె ఉంటుంది, కరెంటు మాత్రం ఉండదు. దాని మీద ఎన్ని తప్పులైనా చేసుకోవచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా కోడలు కట్టింది అలాంటి స్తంభం ఒక్కటి కాదు, అలాంటి ఊరే. ఆ ఊళ్ళో వీధులున్నాయి, ఇళ్ళున్నాయి, ఫిర్యాదులున్నాయి, సబ్‌స్టేషనుంది, మా అబ్బాయి ఉన్నాడు. కరెంటు లేదు.

తర్వాత ఆమె సాధించినవి చెప్పాలంటే చాలానే ఉన్నాయి. ఆ నకలు లేపే విధానమంతా వరసగా, ఏది ముందో ఏది వెనకో, ఎక్కడ ఏ తప్పు వస్తుందో, వస్తే ఏం చేయాలో రాసిపెట్టింది. అంతకుముందు కొత్తగా చేరినవాళ్ళు వారం రోజులు తంటాలు పడేవాళ్ళు. ఇప్పుడు పొద్దున చేరితే మధ్యాహ్నానికి పనిలో పడుతున్నారు. ఆమె రాతలో మొట్టమొదటి వాక్యం ఇది: "అన్నిటికన్నా ముందు సెట్టింగుల ఫైలు తెరిచి, రికార్డుల చిరునామా మీ సొంత కంప్యూటర్‌దేనా అని చూసుకోండి. కాకపోతే ఇంకేమీ ముట్టుకోవద్దు." నాకు చదివి వినిపించింది. "ఇది మీ మాటే మామయ్యా. ఎక్కే ముందు లైనులో కరెంటు చచ్చిందో లేదో చూసుకోమంటారు కదా!" అంది. నా మాట అంత దూరం వెళ్ళినందుకు గర్వపడ్డాను.

అన్నిటికన్నా పెద్ద పని లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్‌ను అడిగి ఆ లైనులో కరెంటు ఆపించుకోవాలి. దాన్నే లైన్ క్లియర్ తీసుకోవడం అంటాం. పని అయ్యాక తనే దాన్ని వెనక్కి ఇవ్వాలి. తను ఇచ్చేదాకా అవతల ఎవరూ స్విచ్చి వేయకూడదు. మా కాలంలో అంతా ఫోను మీదే. గాలివానలో ఒకడు అరుస్తాడు, ఇంకొకడు ఊఁ అంటాడు. ఆ ఊఁకు అర్థం వేరే అయితే పైనున్నవాడి పని అయిపోయినట్టే. ఒకరోజు భోజనాల దగ్గర నేనూ మా అబ్బాయీ అలా పోయినవాళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే, కోడలు కలుపుకున్న ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"అంటే రోజూ ఈయన ప్రాణం ఒక ఊఁ మీద వేలాడుతోందా మామయ్యా?"

"మరేమనుకున్నావ్? లైన్‌మన్ పెళ్ళాం అంటే మాటలా?" అన్నాడు మా అబ్బాయి.

ఆమె నవ్వలేదు. ఆ తర్వాత చాలాకాలం కష్టపడి, అప్లికేషన్‌లో దానికొక తాళంలాంటిది కట్టింది. లైన్‌మన్ తన ఫోనులో తాళం వేస్తే సబ్‌స్టేషన్ తెర మీద ఆ లైను ఎర్రగా మారుతుంది. అతని నంబరుతోనే అది మళ్ళీ పచ్చగా మారాలి. లైన్‌మన్‌లు దానికి 'వదిన తాళం' అని పేరు పెట్టారు. "వదిన తాళం వేశావురా?" అని కింద ఉన్నవాడు అడగందే పైవాడు ఎక్కేవాడు కాదు. పెద్ద ఇంజనీరు ఆమెను నలుగురిలో నిలబెట్టి మెచ్చుకున్నాడు. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆ తాళం వచ్చాక మా డివిజన్‌లో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు దాకా.

ప్రతి పొద్దున్నా ఆమె పని మొదలుపెట్టేది ఒక పరీక్షతో. బటన్ నొక్కితే బొమ్మ ఊళ్ళో అన్నీ వాటంతటవే జరుగుతాయి. ఫిర్యాదు వస్తుంది, మా అబ్బాయి తాళం వేస్తాడు, స్తంభం ఎక్కుతాడు, దిగుతాడు, తాళం తీస్తాడు, సబ్‌స్టేషన్ కరెంటు ఇస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే పచ్చ టిక్కులు వరసగా పడతాయి. "నీ మొగుడు పొద్దున్నే నీ దగ్గర ఒక డ్యూటీ చేసి, మళ్ళీ మా దగ్గరికొస్తాడన్నమాట," అని లైన్‌మన్‌లు వేళాకోళం ఆడేవాళ్ళు.

ఆమె పాత కంప్యూటర్ పాడైతే ఆఫీసులో కొత్తది ఇచ్చారు. తను రాసిన విధానం ప్రకారం మొదటినుంచీ లేపుకోవాలి. కంపెనీ యజమాని తన సెట్టింగుల ఫైలు ఇచ్చి, "ఇది పెట్టుకో అమ్మా, తొందరగా అయిపోతుంది," అన్నాడు. ముందురోజు ఆయన అసలు యంత్రంలో ఏదో చూడాల్సి వచ్చి, ఆ ఫైల్లో చిరునామా అసలు యంత్రానిదిగా మార్చి, తిరిగి మార్చడం మరిచిపోయాడు. ఆ సంగతి ఈమెకు తెలియదు. అందరికీ చూసుకోమని ఆ మొదటి వాక్యం రాసిన మనిషే కనక, తను మళ్ళీ చదవలేదు. వంట నేర్పిన ఇల్లాలే ఉప్పు మరిచినట్టయింది.

బటన్ నొక్కింది. టిక్కులన్నీ పచ్చగా పడ్డాయి. కొత్త కంప్యూటర్ ఇంత త్వరగా సిద్ధమైందని పక్కనున్న ఆవిడకు చూపించిందట కూడా.

ఆ సమయానికి మా అబ్బాయి పెంకుల ఫ్యాక్టరీ వెనక స్తంభం మీద ఉన్నాడు. తాళం వేసే ఎక్కాడు. ఆమె పరీక్ష వాడి నంబరుతో వేసి ఉన్న తాళం కోసం వెతికింది. బొమ్మ ఊళ్ళో కాదు, అసలు ఊళ్ళో దొరికింది. తీసేసింది. సబ్‌స్టేషన్‌లో ఉన్నతనికి తెర మీద పని పూర్తయిందని కనిపించింది. అతను స్విచ్చి వేశాడు. అతని తప్పు లేదు. తెర మాట నమ్మమనే కదా అందరికీ నేర్పింది.

ఇంకొక సంగతి కూడా రాయాలి. కరెంటు ఆగినా సరే, ఎక్కాక తీగల మీద ఒక గొలుసు వేసి భూమికి కలపాలి. పొరపాటున కరెంటు వచ్చినా అది గొలుసులోంచి నేలలోకి పోతుంది, మనిషిలోకి రాదు. నేను చేరిననాటి నుంచీ ఉన్న నియమమది. మా అబ్బాయి ఆ రోజు గొలుసు కిందే వదిలేశాడు. "నా పెళ్ళాం కట్టిన తాళం ఉండగా గొలుసెందుకురా," అని కింద ఉన్నవాడితో అన్నాడట.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి మోచేతి పైనుంచి తీసేశారు.

ఆస్పత్రి వరండాలో ఆమె మా ముందుకొచ్చి నిలబడి, ఎవరూ అడగకముందే జరిగిందంతా చెప్పింది. చిరునామా సంగతి, బటన్ సంగతి, టిక్కుల సంగతి. దాచుకోవడానికి చూస్తే ఎవరికీ తెలిసేది కాదేమో. ఆమె సాధించినవాటిలో దీన్ని కూడా నేను లెక్కలోకి తీసుకుంటాను. విచారణలోనూ అదే చెప్పింది. మా అబ్బాయి మాత్రం మంచం మీది నుంచే, "తప్పు నాది సార్, గొలుసు వేయలేదు," అన్నాడు. యజమాని, "ఫైలు నాది," అన్నాడు. చివరికి విచారణ చేసినవాళ్ళు తప్పును ముక్కలు చేసి అందరికీ పంచి, ఎవరినీ పనిలోంచి తీయకుండా ముగించారు. ఒక్క మంచి జరిగింది. పరీక్షలకు అసలు యంత్రం తలుపు ఇక ఎన్నటికీ తెరుచుకోకుండా బిగించేశారు.

ఇంటికొచ్చాక వాడికి మా ఆవిడే అన్నం కలిపి పెట్టేది. కోడలు కంచం తెచ్చి మా ఆవిడ ముందు పెట్టి పక్కకు వెళ్ళిపోయేది. మేము ఒక్క మాట అనలేదు. పైగా, "నువ్వేం చేస్తావమ్మా, రాసిపెట్టి ఉంది," అనేవాళ్ళం. అన్నకొద్దీ ఆమె చిక్కిపోయింది. ఒకనాడు ముగ్గురం టీ తాగుతున్నాం. కోడలు చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

"ఒక్కరైనా తిట్టండి అత్తయ్యా!"

మా ఆవిడ ఆ గ్లాసు తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టింది. "తిట్టడానికి నోరు రావడం లేదే," అంది.

ఆ వారంలోనే కోడలు సెలవు పెట్టి, పొరుగూళ్ళో ఉన్న వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు కంప్యూటర్ తీసుకెళ్ళలేదు. మళ్ళీ ఆ బటన్ నొక్కలేనని యజమానికి చెప్పింది. ఎప్పుడొస్తావని మా అబ్బాయి అడిగితే వాడి చొక్కా ఖాళీ చేతిని మడిచి పిన్ను పెట్టి గడప దాటింది. నెలలు గడిచాయి. ఫోను చేస్తే తీసేది. ఆరోగ్యం అడిగేది. రావడం మాటెత్తితే, వాళ్ళక్క పిలుస్తోందని పెట్టేసేది.

మా అబ్బాయి ఇక స్తంభం ఎక్కలేడు కనక, ఆఫీసులో కూర్చుని ఆ అప్లికేషన్‌నే పరీక్షించే పని ఇచ్చారు. ఇంట్లో నేర్చుకుంటానని ఒక కంప్యూటర్ తెచ్చుకున్నాడు. యజమాని ఆమె రాసిన విధానం ఇచ్చాడు. అదే వంటింటి బల్ల. ఎడమ చేత్తో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడు. రెండు మీటలు కలిపి నొక్కాల్సి వస్తే ఒకటి వేలితో, ఇంకొకటి చెంచా కాడతో. వాళ్ళమ్మ చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఎక్కడో చిక్కుకుని ఆమెకు ఫోను చేశాడు. రెండు చేతుల పని కనక ఫోనును డబ్బాకు ఆనించి, స్పీకరు పెట్టాడు. మేమిద్దరం అక్కడే ఉన్నాం.

"ఎర్రగా వస్తోంది."

"చివరి వరస చదువు," అంది నెమ్మదిగా.

చదివాడు.

"పోర్టు ఖాళీ లేదంటోంది. ఇంకేదో అదే తలుపు దగ్గర కూర్చుంది. ఇంతకుముందు నడిపింది ఆపావా?"

"ఆపాలా?"

"దిగకుండానే మళ్ళీ ఎక్కుతావా?" అనేసింది పాత అలవాటుగా. అని తనే ఆగిపోయింది.

మా అబ్బాయి నవ్వాడు. "అబ్బో, వచ్చిందండీ మా టీచరమ్మ. ఆపాను. ఆఁ... కదులుతోంది."

"చిరునామా చూశావా? మొదటి వాక్యం."

"మూడుసార్లు చూశాను. మా నాన్న కూడా చూశాడు, కళ్ళజోడు పెట్టుకుని మరీ."

పేజీ తెరుచుకుంది. ఆమె విధానంతో పాటే దాచిపెట్టిన పాత వీధులు, పాత ఇళ్ళు. మా ఆవిడ రాయించిన ఫిర్యాదు కూడా అలాగే ఉంది. ముసలాయన సరిగ్గా వెలగడం లేదట. కింద లైన్‌మన్ పేరు.

"పేరు మార్చు," అంది ఆమె. "పరీక్ష నడిపేముందు ఆ పేరు తీసేసి ఇంకేదైనా పెట్టు. నంబరు కూడా."

"మార్చను."

"నా మాట విను. ఆ పేరు పెట్టబట్టే కదా..."

"ఇప్పుడు ఇది బయటికి చెయ్యి చాచలేదుగా. తలుపులు బిగించేశారుగా. ఉండనీ." గొంతు తగ్గించాడు. "నీ ఊళ్ళో నాకు ఇంకా రెండు చేతులూ ఉన్నాయే. రోజూ ఎక్కుతాను, దిగుతాను. ఎందుకు తీసేస్తావ్?"

అవతల నుంచి ఏడుపు వినిపించింది. అప్పుడు మా ఆవిడ వచ్చి ఆ డబ్బా దగ్గర నిలబడింది.

"ఏమే! వింటున్నావా?"

"వింటున్నా అత్తయ్యా."

"తిట్టమన్నావుగా ఆనాడు. ఇప్పుడు నోరొచ్చింది, విను. అవును, నీ వల్లే పోయింది నా కొడుకు చెయ్యి. రాత లేదు, గీత లేదు. నువ్వు చూసుకోవాల్సింది చూసుకోలేదు. వాడు వేయాల్సిన గొలుసు వేయలేదు. ఇద్దరూ ఇద్దరే, దొందూ దొందే! నేను కన్న చెయ్యి అది. నాకెంత మండుతోందో నీకు తెలుసా?"

"తెలుసు అత్తయ్యా."

"తెలీదు! తెలిస్తే అక్క కొంగు పట్టుకుని అక్కడ కూర్చుంటావా? ఒంటిచేత్తో వాడు చెంచా పెట్టి టకటకలాడిస్తుంటే నేను పెరట్లోకెళ్ళి ఏడవాలా? ఏడిస్తే ఇద్దరం ఒకచోటే ఏడుద్దాం. నిన్ను తిట్టాలంటే ఫోనులో తిట్టుకోవాల్సిన ఖర్మేంటి నాకు?"

ఆయాసపడి కుర్చీలో కూలబడింది. ఇంతకాలం మేము ఓదార్చిన ఓదార్పంతా ఆమెకు ముల్లయి కూర్చుందని, ఆ తిట్టే దాన్ని తీసిందని నాకు ఆ తర్వాత అర్థమైంది.

"అన్నీ అన్నారా అత్తయ్యా? ఇంకేమైనా ఉన్నాయా?" అంది కోడలు, ముక్కు ఎగబీలుస్తూ.

"ఉన్నాయి. చాలా ఉన్నాయి. వస్తే అంటాను."

"వస్తాను."

"నువ్వు వచ్చేదాకా నేను బటన్ నొక్కను. నువ్వే నొక్కాలి," అన్నాడు మా అబ్బాయి.

"నొక్కలేను."

"నీ చెయ్యి పెట్టు, నా వేలు పెడతాను. నాకున్నది ఎలాగూ ఒక్కటేగా."

దానికి ఆమె ఊఁ అనలేదు, కాదనలేదు. ఆ పని మళ్ళీ చేస్తుందో లేదో నాకు తెలియదు. ఆమె కట్టిన తాళంతో ఈ పొద్దు కూడా ఎందరో లైన్‌మన్‌లు ఎక్కి, గొలుసు కూడా వేసుకుని, క్షేమంగా దిగారు. ఆమె రాసిన విధానంతోనే మా ఒంటిచేతి అబ్బాయి బల్ల మీద ఊరు లేపాడు. ఆ ఊరు అలాగే తెరిచి ఉంది. లైన్‌మన్ పేరు మార్చలేదు. పోయిన చెయ్యి ఎవరు వచ్చినా రాదు. కానీ మా ఆవిడ వంటింటి బల్ల మీంచి కూరగాయల బుట్ట పక్కకు జరిపి, రెండో కుర్చీకి చోటు చేసింది.

కోడలు నవంబరు పంతొమ్మిదిన, పొద్దుటి బస్సుకు వస్తానంది.